అయస్కాంత క్షేత్రం దారి మళ్లిస్తుంది, వడి పెంచదు

స్థిరమైన అయస్కాంత క్షేత్రం ఎంత బలంగా ఉన్నా, అందులోంచి దూసుకుపోయే ఎలక్ట్రాన్‌కు రవ్వంత శక్తి కూడా ఇవ్వదు, తీసుకోదు. దాని దారి మాత్రమే మారుస్తుంది. ఈ ఒక్క విషయం మనసుకు పట్టితే లోరెంజ్ బలం (కదిలే ఆవేశం మీద విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు చూపే బలం) గురించిన గందరగోళంలో చాలా భాగం తొలగిపోతుంది. కణం వృత్తంలో ఎందుకు తిరుగుతుందో, కణాల వడి పెంచే సైక్లోట్రాన్ యంత్రానికి విద్యుత్ క్షేత్రం కూడా ఎందుకు కావాలో, కంప్యూటర్లో గీసిన కక్ష్య ఎందుకు ఉబ్బిపోతుందో, అన్నీ దీన్నుంచే వస్తాయి. పుస్తకాల్లో ఇది సూత్రం కింద ఒక చిన్న గమనికగా మిగిలిపోతుంది. నిజానికి మొదటి పేజీలో ఉండాల్సిన మాట ఇదే.

కారణం సూటిగానే ఉంటుంది. అయస్కాంత బలం ఎప్పుడూ కణం వేగానికి లంబంగా పనిచేస్తుంది. కదులుతున్న దిశలో బలానికి భాగమే లేకపోతే పని జరగదు, పని జరగకపోతే గతిజశక్తి మారదు. తాడు కట్టి తిప్పే రాయిని తాడు ఎలా లోపలికి లాగుతుందో, ఇక్కడ క్షేత్రం కణాన్ని అలా లాగుతుంది. మూడు షరతులు మరిచిపోకూడదు. కణానికి ఆవేశం ఉండాలి. అది కదులుతూ ఉండాలి. ఆ కదలికలో కొంతైనా క్షేత్రానికి అడ్డంగా ఉండాలి. న్యూట్రాన్ వంగదు. నిలబడి ఉన్న ఎలక్ట్రాన్‌కు బలం తగలదు. క్షేత్రం వెంబడే పోయే ప్రోటాన్‌కు అక్కడ అయస్కాంతం ఉన్నట్టే తెలియదు.

కాలంతో మారే క్షేత్రం సంగతి వేరు. మారుతున్న అయస్కాంత క్షేత్రం తన చుట్టూ విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుంది, కణానికి శక్తినిచ్చేది ఆ విద్యుత్ క్షేత్రం. 1940లో డోనాల్డ్ కర్స్ట్ నడిపి చూపిన బీటాట్రాన్ అనే ఎలక్ట్రాన్ల వడి పెంచే యంత్రం ఈ సూత్రం మీదే పనిచేసింది. అక్కడ కూడా అయస్కాంత బలం నేరుగా పని చేయదన్న మాట చెక్కుచెదరదు.

దిశ దగ్గర జరిగే పొరపాటు

కుడిచేతి నాలుగు వేళ్లను వేగం దిశలో చాచండి, క్షేత్రం వైపు మడవండి. బొటనవేలు చూపేది ధనావేశం మీద బలం దిశ. ఎలక్ట్రాన్ అయితే ఇదే పనిని ఎడమచేత్తో చేయండి. ముందు కుడిచేత్తో కనుక్కుని ఆ తర్వాత దిశ తిప్పుకుందాం అనుకునేవాళ్లు పరీక్షలోనో ప్రయోగంలోనో ఆ తిప్పడం మరిచిపోతారు. చెయ్యి మార్చుకుంటే ఆ ప్రమాదం ఉండదు. ఫ్లెమింగ్ ఎడమచేతి నియమం వాడేవాళ్లకు కూడా ఇదే చిక్కు వస్తుంది. అందులో మధ్యవేలు విద్యుత్ ప్రవాహ దిశ చూపిస్తుంది కాబట్టి, ఎలక్ట్రాన్ కుడికి పోతుంటే మధ్యవేలు ఎడమకు పెట్టాలి.

వ్యాసార్థం ఎంత?

క్షేత్రానికి లంబంగా ప్రవేశించిన కణానికి:

వ్యాసార్థం = (ద్రవ్యరాశి × వడి) ÷ (ఆవేశం × క్షేత్రం)

పైన ఉన్నది ద్రవ్యవేగం. అది ఎక్కువైతే వృత్తం పెద్దదవుతుంది, క్షేత్రం బలపడితే చిన్నదవుతుంది. చేతి లెక్కలకు ఇంకాస్త సులువైన రూపం ఉంది. వోల్టేజితో త్వరణం పొందిన ఎలక్ట్రాన్‌కు, వ్యాసార్థం సెంటీమీటర్లలో, క్షేత్రం మిల్లీటెస్లాల్లో తీసుకుంటే:

వ్యాసార్థం = 0.337 × √వోల్టేజి ÷ క్షేత్రం

250 వోల్టులు, 1 మిల్లీటెస్లా అయితే 5.3 సెంటీమీటర్లు వస్తుంది. అప్పుడు ఎలక్ట్రాన్ వడి సెకనుకు 9.4 × 10⁶ మీటర్లు, అంటే కాంతి వేగంలో దాదాపు 3 శాతం. అదే శక్తి ఉన్న ప్రోటాన్‌కు 0.337 స్థానంలో 14.4 వాడాలి. దాని ద్రవ్యరాశి 1836 రెట్లు, వర్గమూలం 43 దగ్గర ఉంటుంది కాబట్టి, అదే క్షేత్రంలో అది రెండు మీటర్లకు పైగా వ్యాసార్థంతో తిరుగుతుంది. బల్లమీద పట్టే గాజు గోళంలో ఎలక్ట్రాన్‌తోనే ఈ ప్రయోగం చేయడానికి ఇదే కారణం.

ఈ చిన్న సూత్రంలో సాపేక్షతా సవరణ లేదు. 10,000 వోల్టుల దగ్గర తప్పు అర శాతం ఉంటుంది, ఆపైన పెరుగుతుంది. బాగా ఎక్కువ శక్తులకు వేరే సూత్రం వాడతారు. ఒక ప్రాథమిక ఆవేశం ఉన్న కణానికి, ద్రవ్యవేగం గిగాఎలక్ట్రాన్‌వోల్టుల్లో (కాంతి వేగంతో భాగించిన ప్రమాణంలో) ఉంటే, అది 0.3 × క్షేత్రం (టెస్లా) × వ్యాసార్థం (మీటర్లు)కు సమానం. జెనీవా దగ్గర ప్రోటాన్ల వడి పెంచే లార్జ్ హాడ్రాన్ కొలైడర్ అంకెలు వేసి చూడండి: 0.3 × 8.33 × 2804 చేస్తే 7,000 గిగాఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గరకు వస్తుంది. ఆ యంత్రానికి అనుకున్న 7 టెరాఎలక్ట్రాన్‌వోల్టులు అవే.

లెక్క తప్పడానికి అన్నిటికంటే మామూలు కారణం ప్రమాణాలు. పాత పరికరాల మీద క్షేత్రం గాస్‌లలో ఉంటుంది, 10,000 గాస్‌లు ఒక టెస్లా. సమాధానం పది రెట్లో వెయ్యి రెట్లో తేడాగా వస్తే భౌతికశాస్త్రాన్ని అనుమానించే ముందు గాస్‌లను, సెంటీమీటర్లను చూసుకోండి.

వేగంగా పోయే కణం పెద్ద వృత్తం తిరుగుతుంది, చుట్టు కొలత కూడా అంతే పెరుగుతుంది. అందువల్ల ఒక చుట్టుకు పట్టే కాలంలో వడి పూర్తిగా రద్దయిపోతుంది. మెల్లగా పోయేదీ వేగంగా పోయేదీ ఒకే సమయంలో చుట్టు పూర్తి చేస్తాయి. ఎలక్ట్రాన్‌కు టెస్లాకు 28 గిగాహెర్ట్జ్, ప్రోటాన్‌కు టెస్లాకు 15.2 మెగాహెర్ట్జ్. ఈ రెండు సంఖ్యలు గుర్తుంటే సగం లెక్కలు నోటితోనే అయిపోతాయి.

కళ్లతో చూసే ప్రయోగం

వీటన్నిటినీ ఒక్కసారిగా చూపించే పరికరం సన్న ఎలక్ట్రాన్ పుంజం ఉన్న గాజు గోళం. గోళంలో తక్కువ పీడనంలో హీలియం లాంటి వాయువు ఉంటుంది. ఎలక్ట్రాన్లు ఢీకొన్న చోట వాయువు మెరుస్తుంది, పుంజం దారి వెలుగు గీతలా కనిపిస్తుంది. గోళానికి అటూ ఇటూ రెండు హెల్మ్‌హోల్ట్జ్ చుట్టలు ఉంటాయి. రెండు చుట్టల మధ్య దూరం వాటి వ్యాసార్థానికి సరిగ్గా సమానంగా ఉండాలి, అప్పుడే మధ్యలో క్షేత్రం చదునుగా ఉంటుంది.

మధ్య బిందువులో క్షేత్రం (టెస్లాల్లో, వ్యాసార్థం మీటర్లలో తీసుకుంటే) = 8.99 × 10⁻⁷ × ఒక చుట్టలోని చుట్ల సంఖ్య × విద్యుత్ ప్రవాహం ÷ చుట్ట వ్యాసార్థం. ఒక్కో చుట్టలో 130 చుట్లు, వ్యాసార్థం 15 సెంటీమీటర్లు అయితే ప్రతి ఆంపియర్‌కు 0.78 మిల్లీటెస్లా. మధ్య తలంలో కేంద్రం నుంచి 5 సెంటీమీటర్ల దూరానికి పోయినా క్షేత్రం తగ్గేది అర శాతమే. దూరం పెరిగేకొద్దీ ఈ తగ్గుదల నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి, మరీ పెద్ద వృత్తాలను నమ్మకూడదు.

చేసే క్రమం ఇది. ముందు ఫిలమెంట్‌కు దాని నిర్ణీత వోల్టేజి ఇవ్వండి, ఎక్కువగా 6.3 వోల్టులు ఉంటుంది. ఎలక్ట్రాన్లను వెలువరించే కేథోడ్ వేడెక్కడానికి కొన్ని నిమిషాలు ఆగండి. చల్లని కేథోడ్ మీద ఆనోడ్ వోల్టేజి (ఎలక్ట్రాన్లకు వడినిచ్చేది) పెడితే దాని పూత పాడవుతుంది, గోళం ఆయుష్షు తగ్గుతుంది. తర్వాత ఆనోడ్ వోల్టేజిని 150 నుంచి 300 మధ్యకు మెల్లగా తీసుకెళ్లండి. ఈ వోల్టేజి మనిషికి ప్రమాదకరం, కాబట్టి వైర్లు మార్చాలంటే సరఫరా ఆపి మాత్రమే మార్చాలి. గది చీకటి చేస్తే తిన్నని వెలుగు గీత కనిపిస్తుంది. అప్పుడు చుట్టల్లో ప్రవాహం పెంచండి. గీత వంగి, చివరికి వృత్తమై మూసుకుంటుంది.

పుంజం అసలు వంగకపోతే చూడాల్సింది చుట్టల కనెక్షన్. రెండు చుట్టల్లో ప్రవాహం ఎదురెదురు దిశల్లో పోతుంటే మధ్యలో క్షేత్రాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక చుట్ట వైర్లు తారుమారు చేస్తే సరి. పుంజం వంగింది కానీ గాజు గోడకు తగులుతోందంటే రెండు చుట్టలనూ కలిపి తారుమారు చేయాలి. వృత్తం మూసుకోకుండా స్ప్రింగులా పక్కకు జరిగితే పుంజం క్షేత్రానికి పూర్తి లంబంగా లేదని అర్థం. గోళాన్ని దాని సాకెట్‌లో కొద్దికొద్దిగా తిప్పుతూ వృత్తం మూసుకునేలా చేయండి.

వృత్తం కనిపించాక లెక్క చిన్నదే. ఎలక్ట్రాన్ ఆవేశాన్ని దాని ద్రవ్యరాశితో భాగించిన విలువ = 2 × వోల్టేజి ÷ (క్షేత్రం² × వ్యాసార్థం²). 250 వోల్టులు, 1.37 ఆంపియర్లు (అంటే 1.07 మిల్లీటెస్లా), 5 సెంటీమీటర్లు వేస్తే కిలోగ్రాముకు 1.76 × 10¹¹ కూలుంబులు వస్తుంది. అసలు విలువ 1.7588 × 10¹¹. ఇక్కడ ఒక ఎలక్ట్రాన్ 33 నానోసెకన్లలో ఒక చుట్టు తిరుగుతోంది, అదీ మన కళ్లెదుట నిలకడగా వెలిగే ఒక ఉంగరంలా. భౌతికశాస్త్రంలో ఇంత చవకగా దొరికే ఇంత అందమైన దృశ్యం మరొకటి ఉందని నేను అనుకోను.

విలువ ఎందుకు తప్పుతుంది?

సూత్రంలో క్షేత్రమూ వ్యాసార్థమూ రెండూ వర్గంలో ఉన్నాయి. వ్యాసార్థం కొలవడంలో 3 శాతం తప్పితే సమాధానంలో 6 శాతం తప్పుతుంది. అందుకే కొలతలో అతి జాగ్రత్తగా ఉండాల్సింది వ్యాసార్థం దగ్గర. స్కేలు గోళం వెనక ఉంటుంది, పుంజం ముందు ఉంటుంది, కన్ను కాస్త పక్కకు జరిగితే రీడింగ్ మారిపోతుంది. వెనక అద్దం ఉంటే పుంజమూ దాని ప్రతిబింబమూ ఒకే గీత మీదకు వచ్చేలా తల కదిపి చూడాలి. ఎడమ అంచు, కుడి అంచు రెండూ చదివి వ్యాసాన్ని సగం చేయడం ఒక్క వైపు నుంచి వ్యాసార్థం చదవడం కంటే మేలు.

ఆ వెలుగు ఉంగరానికి కొంత మందం కూడా ఉంటుంది. ఏ అంచు కొలవాలి? బయటి అంచు. వాయు అణువులను ఢీకొని శక్తి పోగొట్టుకున్న ఎలక్ట్రాన్లు చిన్న వృత్తాల్లోకి, లోపలి వైపుకు జారతాయి. ఆనోడ్ ఇచ్చిన శక్తి చెక్కుచెదరకుండా ఉన్నవి బయటి అంచున ఉంటాయి. ఉంగరం మధ్యలోంచి కొలిస్తే వ్యాసార్థం తక్కువగా, నిష్పత్తి ఎక్కువగా వస్తుంది.

మూడోది భూమి. భూ అయస్కాంత క్షేత్రం నేల మీద చోటును బట్టి 0.025 నుంచి 0.065 మిల్లీటెస్లా దాకా ఉంటుంది. చుట్టల అక్షం వెంట అందులో 0.03 పడిందనుకున్నా, 1.07 మిల్లీటెస్లాలో అది దాదాపు 3 శాతం, సమాధానంలో దాదాపు 6 శాతం. దీన్ని ఊహించి సవరించడం కంటే గ్రాఫ్‌తో తీసేయడం నయం. వోల్టేజి మార్చకుండా, ప్రవాహాన్ని మారుస్తూ ఐదారు వ్యాసార్థాలు తీసుకోండి. అడ్డంగా 1 ÷ వ్యాసార్థం, నిలువుగా ప్రవాహం గీయండి. సరళరేఖ వస్తుంది. భూమి క్షేత్రం రేఖను పైకో కిందకో జరుపుతుంది, వాలును మాత్రం మార్చదు. కాబట్టి నిష్పత్తిని వాలు నుంచి కట్టండి. 250 వోల్టులకు, పైన చెప్పిన చుట్టలకు, ఆ వాలు 0.068 ఆంపియర్-మీటర్ల దగ్గర రావాలి. నిలువు అక్షం మీద మిగిలే చిన్న విలువను 0.78తో గుణిస్తే, ఆ దిశలో బయటి క్షేత్రం ఎంతో మిల్లీటెస్లాల్లో తెలుస్తుంది. ఒక దోషాన్ని తొలగిస్తూనే దాన్ని కొలవడం కూడా అయిపోతుంది. ఇనుప బల్ల, పక్కనే పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఇదే రకంగా కలగజేసుకుంటాయి. ఇనుము దూరంలో ఉంటే మంచిది, ఎందుకంటే చుట్టల ప్రవాహంతో పాటు మారే దాని అయస్కాంతత్వాన్ని ఈ గ్రాఫ్ తీసేయలేదు.

సమంగా లేని క్షేత్రంలో

కణం వేగంలో కొంత భాగం క్షేత్రం వెంబడి ఉంటే ఆ భాగానికి ఏ అడ్డూ ఉండదు. అడ్డంగా ఉన్న భాగం వృత్తమవుతుంది, రెండూ కలిసి సర్పిలమవుతుంది. క్షేత్రం ముందుకు పోయేకొద్దీ బలపడుతుంటే ఇంకా ఆసక్తికరమైన పని జరుగుతుంది. బలపడే చోట క్షేత్ర రేఖలు దగ్గరవుతాయి, కాబట్టి అవి కాస్త లోపలికి వాలి ఉంటాయి. ఆ వాలు భాగం, కణం గుండ్రంగా తిరిగే వేగంతో కలిసి, కణాన్ని బలహీన క్షేత్రం వైపుకు వెనక్కి లాగే బలాన్నిస్తుంది. మొత్తం శక్తి మారదు గనుక ముందుకు పోయే శక్తి తగ్గి తిరిగే శక్తి పెరుగుతుంది. ముందుకు పోయే భాగం సున్నా అయిన చోట కణం వెనుదిరుగుతుంది. దీన్నే అయస్కాంత దర్పణం అంటారు.

అన్ని కణాలూ వెనక్కి తిరగవు. బలహీన చోట కణం క్షేత్రంతో చేసే కోణం సైన్ వర్గం, కనిష్ఠ క్షేత్రాన్ని గరిష్ఠ క్షేత్రంతో భాగించిన విలువ కంటే తక్కువైతే అది తప్పించుకుంటుంది. క్షేత్రం నాలుగు రెట్లు పెరిగే దర్పణంలో ఆ కోణం 30 డిగ్రీలు. అన్ని దిశల్లోనూ సమంగా బయలుదేరిన కణాల్లో 13 శాతం పైచిలుకు జారిపోతాయి. దర్పణాలతోనే ప్లాస్మాను (విడివడిన ఎలక్ట్రాన్లు, అయాన్ల వాయువును) బంధించాలన్న ఆలోచనకు పెద్ద తలనొప్పి ఇదే: ఉన్నవి ఒకదాన్నొకటి ఢీకొంటూ దిశ మార్చుకుని మళ్లీ ఆ కోణంలోకి పడుతూనే ఉంటాయి. భూమి చుట్టూ 1958లో ఎక్స్‌ప్లోరర్ 1 ఉపగ్రహం పరికరాలతో బయటపడ్డ వాన్ అలెన్ వలయాల్లో కణాలు ఉత్తర, దక్షిణ దర్పణాల మధ్య ఇలాగే ఊగుతుంటాయి. వాటితో పాటే భూమి చుట్టూ నెమ్మదిగా జరుగుతాయి కూడా. భూమికి దగ్గరి వైపు క్షేత్రం బలంగా ఉండి వంపు బిగువుగా, దూరపు వైపు వదులుగా ఉండటంతో ప్రతి చుట్టూ సరిగ్గా మూసుకోదు. ధన అయాన్లు పడమరకు, ఎలక్ట్రాన్లు తూర్పుకు జరుగుతాయి. రెండు వ్యతిరేక ఆవేశాలు వ్యతిరేక దిశల్లో పోతే ప్రవాహాలు కలిసిపోతాయి, భూమి చుట్టూ వలయ విద్యుత్ ప్రవాహం ఏర్పడుతుంది.

విద్యుత్ క్షేత్రం అడ్డంగా తోడైతే జరిగే కదలిక మాత్రం ఆవేశం మీదా ద్రవ్యరాశి మీదా ఆధారపడదు. దాని వడి విద్యుత్ క్షేత్రాన్ని అయస్కాంత క్షేత్రంతో భాగించినంత. మీటరుకు 1,000 వోల్టులు, 0.01 టెస్లా అయితే సెకనుకు లక్ష మీటర్లు, ఎలక్ట్రాన్‌కైనా అయాన్‌కైనా.

సైక్లోట్రాన్ గురించి క్లుప్తంగా. చుట్టు కాలం వడి మీద ఆధారపడదు కాబట్టి, ఒకే పౌనఃపున్యంతో దిశ మారే వోల్టేజి పెడితే ప్రతి అర చుట్టుకూ కణానికి ఒక తోపు దొరుకుతుంది. 1931లో లారెన్స్, లివింగ్‌స్టన్ అరచేతిలో పట్టే పరికరంలో 2,000 వోల్టుల లోపు వాడి 80,000 ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి తెచ్చారు. శక్తినిచ్చింది విద్యుత్ క్షేత్రం, కణాన్ని మళ్లీ మళ్లీ దాని ముందుకు తెచ్చింది అయస్కాంతం. 18 మెగాఎలక్ట్రాన్‌వోల్టుల ప్రోటాన్ దగ్గరికొచ్చేసరికి సాపేక్షత వల్ల చుట్టు 1.9 శాతం మందగిస్తుంది, తోపు లయ తప్పుతుంది. అంచుల వైపు క్షేత్రం పెంచి దీన్ని సరిచేయొచ్చు, కానీ అలా పెంచితే పుంజం పైకీ కిందకీ చెదిరిపోతుంది. అందుకే నేటి సైక్లోట్రాన్ల ధ్రువాలను బలమైన, బలహీనమైన విభాగాలుగా కోస్తారు. ఆ విభాగాల అంచులు దాటేటప్పుడు పుంజం మళ్లీ దగ్గరకు కూడుతుంది.

కంప్యూటర్లో గీసేటప్పుడు

సొంతంగా ప్రోగ్రామ్ రాసుకునేవాళ్లు దాదాపు అందరూ ఆయిలర్ పద్ధతితో మొదలుపెడతారు: ప్రస్తుత వేగంతో బలం కనుక్కో, దాన్ని కాల అంతరంతో గుణించి వేగానికి కలుపు. వృత్తం రావాల్సిన చోట బయటికి విచ్చుకునే చుట్ట వస్తుంది. తప్పు ప్రోగ్రామ్ టైపింగులో లేదు, పద్ధతిలోనే ఉంది. వేగానికి లంబంగా ఒక ముక్క కలిపితే వచ్చే కర్ణం ఎప్పుడూ అసలు వేగం కంటే పొడవే. కోణీయ పౌనఃపున్యం × కాల అంతరం విలువ 0.1 అనుకుంటే, ప్రతి అడుగులో వడి అర శాతం పెరుగుతుంది, ఒక చుట్టుకు 63 అడుగులు. చుట్టు పూర్తయ్యేసరికి వడి 37 శాతం పెరిగి ఉంటుంది. అడుగు చిన్నది చేస్తే పెరుగుదల నెమ్మదిస్తుంది, పోదు.

దీనికి ప్లాస్మా సిమ్యులేషన్లలో దశాబ్దాలుగా వాడుతున్న మందు బోరిస్ పద్ధతి. ముందు విద్యుత్ క్షేత్రం తోపులో సగం వేగానికి కలపాలి. తర్వాత వేగాన్ని తిప్పాలి. చివరగా మిగతా సగం తోపు కలపాలి. తిప్పడం ఇలా: (ఆవేశం ÷ ద్రవ్యరాశి) × క్షేత్రం × కాల అంతరం ÷ 2 అనే సదిశను «త» అనుకోండి. సగం తోపు తర్వాతి వేగానికి, ఆ వేగం, «త»ల సదిశా లబ్ధాన్ని కలిపితే మధ్య వేగం. మధ్య వేగం, «స»ల సదిశా లబ్ధాన్ని మళ్లీ మొదటి వేగానికి కలిపితే తిరిగిన వేగం. ఇక్కడ «స» = 2 × «త» ÷ (1 + «త» పరిమాణం వర్గం). ఈ భాజకాన్ని మరిచిపోవడం చాలా మామూలు పొరపాటు, దాన్ని వదిలేస్తే మళ్లీ వడి పెరుగుతుంది. సరిగ్గా రాస్తే విద్యుత్ క్షేత్రం లేనప్పుడు వేగం పరిమాణం కంప్యూటర్ అంకెల ఖచ్చితత్వం దాకా మారదు. తిరిగే కోణంలో మాత్రం చిన్న తేడా మిగులుతుంది: పై ఉదాహరణలో 0.08 శాతం. కణం దాదాపు సరైన వృత్తం మీదే ఉంటుంది, కాస్త ఆలస్యంగా నడుస్తుంది.

మొదటి అడుగులో ఒక మెలిక ఉంది. ఈ పద్ధతిలో స్థానాలూ వేగాలూ అర అడుగు తేడాతో నడుస్తాయి. కాలం సున్నా దగ్గరి వేగాన్ని నేరుగా వాడేస్తే వృత్తం కేంద్రం కాస్త పక్కకు జరుగుతుంది. మొదలుపెట్టే ముందు అదే ఫంక్షన్‌ను ఋణాత్మక అర కాల అంతరంతో ఒకసారి పిలిచి వేగాన్ని వెనక్కి జరపండి, స్థానాన్ని కదపకండి. ఆ తర్వాత 250 వోల్టుల ఎలక్ట్రాన్‌ను 1 మిల్లీటెస్లాలో వదిలి వెయ్యి చుట్లు తిప్పి చూడండి. వ్యాసార్థం 5.33 సెంటీమీటర్ల దగ్గర నిలిచి, చుట్టు కాలం 35.7 నానోసెకన్ల దగ్గర ఉంటే ప్రోగ్రామ్ సరిగ్గా ఉన్నట్టే.